గొట్టానికి పెట్టిన బొక్క

సకల జనుల సమ్మెలో బడికి తాళం పడ్డాక నాకు రెండు పనులు మిగిలాయి. పొద్దున టెంటు కింద కూర్చుని జై తెలంగాణ అనడం, మధ్యాహ్నం మా ఇంటి వెనక రేకుల షెడ్డులో సరిత చేత గురి పెట్టించడం. నేను జగిత్యాల సర్కారు బడిలో వ్యాయామ టీచర్ని, పేరు పుష్ప. రెండు చోట్లా నా గొంతే పెద్దదని అంటారు. అననీ.

సరిత ఒకప్పుడు నా విద్యార్థిని, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. తండ్రి సామేలు మార్కెట్ యార్డులో హమాలీ, తల్లి లచ్చవ్వ బీడీలు చుడుతుంది. ఆ పిల్ల చేతికి వణుకంటే ఏమిటో తెలియదు. అలాంటి చేయి నా ఉద్యోగంలో మళ్లీ చూస్తానని నేను అనుకోవడం లేదు.

చేయి మంచిదే, చేతిలోని ఎయిర్ రైఫిలే మంచిది కాదు. అది కోరుట్ల సాకేత్ రావుది. ఆయన కొన్నాళ్లు షోకుకు కాల్చి, పెల్లెట్లు ఒక్కచోట పడటం లేదని విసుగొచ్చి మూలన పడేశాడు. నేను అడిగితే, "తీస్కపోండి మేడం, తుప్పు పట్టుడు కంటే నయం గదా" అన్నాడు. సామేలు మాత్రం దాన్ని తన గడప తొక్కనివ్వలేదు. అతని తండ్రి గొల్లపల్లి దగ్గర సాకేత్ రావు తాతకు పాలేరుగా జీతమున్నవాడు. "దొరల తుపాకి మనింట్ల వద్దు బిడ్డా" అన్నాడు. అందుకే అది నా బీరువా వెనక ఉండేది.

ఆ రైఫిల్ కింద ఒక గొట్టం ఉంటుంది. చేతిపంపుతో అందులో గాలి నింపాలి. నిండుగా ఉన్నప్పుడు గాలి ఒకలా తంతుంది, తగ్గుతున్న కొద్దీ ఇంకోలా తంతుంది. మొదట నల్లచుక్క నడుమ పడిన పెల్లెట్లు చివరికొచ్చేసరికి కిందికి జారిపోయేవి. దీనికి మందు రెగ్యులేటర్. గొట్టంలో ఎంత గాలి ఉన్నా ప్రతిసారీ ఒకే కొలత వదిలే బొటనవేలంత ఇత్తడి ముక్క అది. రైఫిల్‌తో పాటు రాదు, విడిగా కొని బిగించుకోవాలి. సరిత ట్యూషన్లు చెప్పి సంపాదించుకున్నదాంతో హైదరాబాద్ నుంచి తెప్పించుకుంది.

"గ్యాస్ పొయ్యికి ఉంటది సూడు, గసొంటిదేనా?" అని లచ్చవ్వ అడిగింది. అదే పని, మంట ఒక్కటే ఉండదన్నాను.

దసరా తర్వాతి ఆదివారం జగిత్యాలలో ఎంపిక పోటీ. ముగ్గురిని రాష్ట్ర పోటీలకు పంపుతారు. జూనియర్లలో కాల్చడానికి సరితకు ఇదే ఆఖరి ఏడు. వచ్చే ఏడు పెద్దల్లో కలవాలి. అక్కడ ఒక్కొక్కరి చేతిలో ఉండే జర్మనీ రైఫిళ్ల ముందు ఈ పాతదాంతో నిలబడటం అయ్యే పని కాదు. కాబట్టి ఇప్పుడు కావాలి, లేదంటే లేదు.

బిగించేవాడు సిరిసిల్లలో దొరికాడు. దేవేందర్‌కు అక్కడ లేత్ ఉంది, మరమగ్గాల సాంచెలకు ఇరుసులూ పళ్లచక్రాలూ చేస్తాడు. బస్సులు బంద్. నా స్కూటీ మీద, చీరలో చుట్టిన రైఫిల్‌ను నిలువుగా పట్టుకుని సరిత వెనక కూర్చుంది. వేములవాడ దాటాక ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆపారు. మూట సంగతి అడుగుతారనుకున్నాను. వాళ్లు అడిగింది తిన్నారా అని. తిననిదే కదలనివ్వలేదు. పప్పులో ఉప్పెక్కువైంది, ఆ మాట కూడా చెప్పే వచ్చాను.

దేవేందర్ రెగ్యులేటర్‌ను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. దాని ఒంటికి రెండు రబ్బరు రింగులు, ఆ రింగుల నడుమ సూదిమొనంత రంధ్రం.

"గొట్టానికి గూడ ఈడ బొక్క పెట్టాలె మేడం" అన్నాడు.

"గాలి నిలువాల్సిన గొట్టానికి బొక్కేంది?"

"లోపట స్ప్రింగున్నది. దానికి ఊపిరాడాలె. రింగుల సందుల గాలి జరంత జరంత ఊరుతది. అది బయటికి పోవాలె. తోవ లేకుంటే లోపటనే జమైతది, అప్పుడు రెగ్యులేటర్ కొలత తప్పుతది. గీ బొక్క సరిగ్గ గా రెండు రింగుల నడుమ పడాలె. జర ఇటైనా అటైనా గొట్టం ఖరాబే."

అది ఇంకొకరి రైఫిల్. సాకేత్ రావుకు ఫోన్ చేశాను. టీవీ చప్పుడు మధ్య ఆయన నవ్వాడు. "బొక్కనా? పెట్టుకోండి మేడం, గది నాకెందుకు?"

"గన్‌కు బొక్క పెడితే మనల్ని బొక్కల ఎయ్యరు గద?" అని దేవేందర్ ఒక జోకు వేసి, ఇక మాట్లాడటం మానేశాడు. సైకిల్ చక్రపు పుల్లను గొట్టంలోకి దించి లోతు కొలిచాడు. దాన్ని బయట పెట్టి మేకుతో గీత గీశాడు. చెరిపి, మళ్లీ కొలిచాడు. గీత అక్కడే పడింది. అప్పుడు కరెంటు పోయింది. గనులు ఆగి బొగ్గు లేక కోతలు, సమ్మె మాదే, ఎవరిని తిట్టాలి? సాయంత్రం దాకా కూర్చున్నాం. కరెంటు వచ్చింది, డ్రిల్లు దిగింది, ఇనుప రజను రాలింది. లోపలి అంచు గరుకుగా ఉంటే రబ్బరు కోసుకుపోతుందని పుల్లకు ఎమెరీ కాగితం చుట్టి చాలాసేపు రుద్దాడు. రెగ్యులేటర్ తోసి, బిగించి, గాలి నింపాడు. సరిత వరసగా కాల్చింది. అన్ని పెల్లెట్లూ ఒకే తూటులోంచి పోయాయి. నేను ఈల వేశాను. ఆ వయసులో నాకది తగదని తెలుసు, అయినా వేశాను.

మర్నాడు దసరా. దేవేందర్ అప్పటికే లేత్ కడిగి గంధం కలిపి పెట్టుకున్నాడు. మేం కదిలేలోపే లేత్‌కు, డ్రిల్లుకు, సుత్తికి గంధం పూసి కుంకుమ అద్దాడు. ఆయుధపూజలో అసలైన ఆయుధాన్ని వదిలేస్తాడా? రైఫిల్‌కూ పెట్టాడు. తన చేతిపని మీదే, ఆ కొత్త బొక్క మీదే, దిట్టంగా.

"సెలక్షన్ అయ్యేదాక తుడువకు చెల్లె" అన్నాడు. సరితది చర్చికి పోయే ఇల్లు. అయినా తల ఊపింది, మాట నిలబెట్టుకుంది. నాకు అందులో ఆలోచించాల్సింది ఏమీ కనిపించలేదు. పెల్లెట్లు పొదుపు చేయాలని పోటీ దాకా రోజుకు పదేసి మాత్రమే కాల్చాం, తేడా తెలియలేదు.

పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. నలభై షాట్లు. కాల్చేటప్పుడు కోచ్ నోరెత్తకూడదు, నాకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. సగం దాకా అన్నీ నడుమే పడ్డాయి. ఆ తర్వాత ఒకటి పైకి పోయింది. ఇంకొకటి ఇంకా పైకి. సరిత గురి చూసే సైటును కిందికి తిప్పుకుంది. మళ్లీ పైకే. రెగ్యులేటర్ కొలతకు మించి గాలి వదులుతోందని అర్థమైంది, ఎందుకో అర్థం కాలేదు.

సరిత చేయెత్తి రిఫరీని పిలిచింది. రైఫిల్ తిప్పి చూసుకుంది. గంధం గట్టిపడి బొక్కను మూసేసింది. రిఫరీ సరేనన్నాక చున్నీకున్న పిన్నీసు తీసి గుచ్చింది. తుస్సుమని గాలి వచ్చి, రిఫరీ తెల్లచొక్కా మీద పచ్చటి పొడి పడింది. దేవేందర్‌ను అక్కడికక్కడే నానా మాటలూ అన్నాను, మనసులోనే. ఊపిరి కోసం బొక్క పెట్టి, దానికే దండం పెట్టి మూసేస్తాడా మనిషి!

సైటు వెనక్కి తిప్పాక మొదటి షాటుకు పదికి ఆరే వచ్చింది. తర్వాతివన్నీ పదులూ తొమ్మిదులే. ఒక్క పాయింటు తేడాతో మూడో స్థానం. నేను ఏడ్చాను. సరిత ఏడవలేదు, నీళ్లడిగింది.

అంతలో సాకేత్ రావు వచ్చాడు. ఎవరో చెప్పారట. టార్గెట్ కాగితాలు ఒక్కొక్కటీ తీసి చూశాడు.

"నా గన్ గిట్ల కొడ్తదా? అయితే నేనే సీనియర్లల కొడ్త. ఇగ నాకియ్యండి మేడం."

"రాష్ట్ర పోటీలు అయ్యేదాక ఆగరాదా?"

"నాది నేను తీస్కపోతే తప్పేంది?"

తప్పేమిటో నాకు తెలుసు. కానీ రైఫిల్ ఆయనదే. సామేలు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. తన తండ్రి వయసువాణ్ని సాకేత్ రావు పలకరించనైనా లేదు.

"ఎవలది వాళ్లను తీస్కపోనియ్ బిడ్డా" అని కూతురితో చెప్పి, సామేలు నా వైపు తిరిగాడు. "మా నాయినకు గూడ గిట్లనే అయ్యింది మేడం. జీతమున్నప్పుడు బీడు ఇచ్చిన్రు. రాళ్లేరి చెల్క జేసిండు. జొన్న మంచిగ పండంగనే, మాదే గద అన్నరు, తీస్కున్నరు."

గొంతులో ఫిర్యాదు లేదు. అదే నన్ను కోసింది.

సరిత వాళ్ల నాన్న వైపు కాసేపు చూసింది. తర్వాత రైఫిల్ అందుకుని నేల మీద కూర్చుంది. గొట్టంలో గాలంతా వదిలేసింది. మూత విప్పి, పుల్లతో తోసి, రెగ్యులేటర్‌ను బయటికి తీసింది. చున్నీతో తుడిచి గుప్పిట్లో పెట్టుకుని, రైఫిల్ బిగించి సాకేత్ రావు చేతికిచ్చింది.

"గన్ మీది సార్. రెగ్యులేటర్ నాది."

"తీస్కో తీస్కో, నేనొకటి కొనుక్కుంట" అని నవ్వుతూ కారెక్కాడు. సరిత ఎంపికైంది, చేతిలో రైఫిల్ లేదు. సరితతో మా ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను. సరిత తిన్నది, రెండోసారి పప్పు వేసుకుంది. అప్పటికీ నాకు అర్థం కాలేదు.

రెండు రోజుల తర్వాత కోరుట్ల నుంచి ఫోన్.

"మేడం, ఎంత పంపు కొట్టినా గాలి నిలుస్తలేదు. గా బొక్కలకెల్లి మొత్తం పోతుంది."

"మూపియ్యరాదా?"

"గంత ప్రెషర్ మీద అతుకు నిలువదంటున్నరు. కొత్త రెగ్యులేటర్ ఏద్దామంటే, దాని రింగులు గీ బొక్కకు అందయట. సిరిసిల్ల దేవేందర్‌ను అడిగిన. చెల్లె రెగ్యులేటర్‌కు తప్ప ఇంకో దానికి అది సరిపోదన్నడు."

దేవేందర్‌ను తిట్టిన తిట్లన్నీ ఆ నిమిషంలోనే వెనక్కి తీసుకున్నాను. ఫోన్ పక్కనే ఉన్న సరితకు ఇచ్చాను. ఆమె అవతలి మాటంతా విన్నది, తొందరపడలేదు.

"రెగ్యులేటర్ ఇయ్య సార్. గన్‌నే పంపుండ్రి. రాష్ట్ర పోటీలైతయి, నా ఆట అయిపోతది, అప్పుడు మాట్లాడుకుందాం."

సాకేత్ రావు రేపు తెస్తానన్నాడు.

"రేపు బందున్నది సార్" అన్నది సరిత. "ఎల్లుండి పట్టుకరండి."