మూడు గాజు గొట్టాలు

నేను ఒక పాత ఫ్రిజ్‌ని. పుట్టింది ఎక్కడో ఫ్యాక్టరీలో, కాపురానికి వెళ్ళింది భీమవరంలో ఒక ప్లీడరుగారి ఇంటికి. పెరుగనీ, మల్లెపూలనీ రోజుకు వందసార్లు నా తలుపు తీసేవారు. కొత్తది రాగానే నన్ను కైకలూరు దగ్గర చేపపిల్లల హేచరీకి సాగనంపారు. పాత వస్తువు మీద మనుషుల ప్రేమ వీధి గుమ్మం దాకానే.

ఇక్కడ నాలో దాచేది మగచేపల వీర్యం. ఆ సంగతి తెలిశాక ఎవరూ నాలో మంచినీళ్ళ సీసా అయినా పెట్టలేదు. ల్యాబు పని చూసే దమయంతి ఒక్కతే నా తలుపు తీసేది. మిగతా వేళల్లో నన్ను పలకరించే దిక్కు లేదు.

ఆమె భర్త కాసులు ఆరేళ్ళ కిందట గోదావరి నుంచి ఒక మగ బొచ్చె చేపను ప్రాణంతో తెచ్చి ఇక్కడి చెరువులో వేశాడు. నిరుడు అతను పోయాడు. ఈ ఆషాఢంలో ఆ చేపా పోయింది. అంతకు ముందురోజు తీసిన వీర్యం మాత్రం మూడు గాజు గొట్టాల్లో నా దగ్గర మిగిలింది. ఆడచేప గుడ్లు పక్వానికి రావడానికి ఇంకా మూడు రోజులు. ఆ మూడు రోజులూ దమయంతికి సరిగా తిండి సయించలేదు.

చేపకు నీళ్ళు ప్రాణం గానీ, దాని వీర్యానికి గండం. గుడ్లతో కలవకముందే ఒక్క చుక్క తగిలినా నిమిషంసేపు గిలగిలా ఈది చచ్చిపోతుంది. అందుకే ఆమె చేతులు పొడిగుడ్డతో తుడుచుకుని గానీ నన్ను తాకేది కాదు.

మూడో రోజు ఉదయం గొట్టాలను బల్ల మీద పెట్టి మూతలు విప్పిందో లేదో, యజమాని రామభద్రరాజుగారు మామిడాకులతో, పసుపునీళ్ళ చెంబుతో వచ్చారు.

"శుభమా అని మొదలెడుతున్నాం కదమ్మాయ్, ఓ నాలుగు చుక్కలు చల్లుదాం" అంటూనే చల్లేశారు.

"అయ్యో, రాజుగారండీ! నీళ్ళు పడకూడదండీ!"

ఆమె అరచెయ్యి మూడో గొట్టాన్ని మూసింది. మిగతా రెండింట్లో పసుపు చుక్కలు పడ్డాయి. గుర్రుమనడం తప్ప నేనేం చేయగలను?

ఆ ఒక్క గొట్టంతోనే గుడ్లు కలిపింది. మర్నాడు గాజు జాడీలో సన్నటి పిల్లలు తోకలాడించాయి. రాజుగారు మీసం దువ్వుకుని, "చూశావా, పసుపునీళ్ళ మహిమ!" అన్నారు. "అవునండి" అంది దమయంతి.

అందరూ భోజనాలకు వెళ్ళాక ఆమె వచ్చి నా తలుపుకు వీపు ఆనించి కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత మెల్లగా, "నీ చేప పిల్లలు బతికాయయ్యా" అంది.

ఆ మాట నాతో అన్నది కాదు. వినడానికి మాత్రం గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.