కిటికీ కింద బల్ల

పరీక్ష ఒకసారి తప్పింది. ఇంకొక్క అవకాశమే మిగిలింది. మంచం మీద వాలి చదవడం, మూడో పేజీకల్లా కునుకు తీయడం, అక్కడే కొంప మునిగిందని అమ్మాయి తేల్చుకుంది. నాయనమ్మతో కలిసి పడుకునే ఆ చిన్న గదిలోనే చదువుకు ఒక చోటు కావాలని తండ్రిని అడిగింది.

వడ్రంగి పని చేసే ఆయనకి అంతకంటే ఏం కావాలి? నాయనమ్మ మంచాన్ని తలుపు పక్కకు జరిపి, కిటికీ కింద ఖాళీ చేశాడు. నాలుగు రోజులు ఎవరికీ చూపించకుండా చేసి, ఆదివారం పొద్దున్నే బల్ల తెచ్చి నిలబెట్టాడు. అద్దంలా ఉంది. కుర్చీలో కూర్చుంటే మాత్రం అంచు ఆమె చంకల దాకా వచ్చింది. ఆయన జన్మలో కూర్చుని పని చేసిన మనిషి కాదు. తాను నిలబడి చిత్రిక పట్టే బల్ల ఎత్తే దీనికీ పెట్టేశాడు.

"ఎలా ఉందే?"

"చాలా బాగుంది నాన్నా." ఆ వెలిగిపోతున్న ముఖం చూశాక ఎత్తు సంగతి దాచేసింది.

వారం గడిచింది. పుస్తకాలు బల్ల మీద, అమ్మాయి మంచం మీద, మళ్ళీ అదే కునుకు.

"పుస్తకాలకి సింహాసనం, నీకు పరుపూనా?" అంది నాయనమ్మ. "మొహమాటానికి పోతే పరీక్ష పోతుందే పిచ్చిదానా. వాడు నా కొడుకు, చెబితే కరిగిపోడు."

ఆ సాయంత్రం తండ్రి చెప్పులు విడవకముందే అమ్మాయి చెప్పేసింది. "నాన్నా, బల్ల ఎత్తయింది. కూర్చుంటే చెయ్యి ఆనట్లేదు. మొదటి రోజే చెప్పాల్సింది."

ఆయన బల్లనీ కూతురినీ మార్చి మార్చి చూశాడు. "నా తెలివి తెల్లారినట్టే ఉంది! చదివేవాళ్ళు కూర్చుంటారన్న సంగతే తట్టలేదు."

"బడికెళితేగా తట్టడానికి," అంది నాయనమ్మ.

"నువ్వు పంపితేగా వెళ్ళడానికి!"

ఒక చెక్క పలక తెచ్చి, కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. "రాయి. మోచెయ్యి ఎక్కడ ఆగుతుందో చూస్తా."

పలకను కాస్త కిందికి దింపించి, పోయినసారి వదిలేసిన లెక్క మొదలుపెట్టింది. నాయనమ్మ గోడ మీద ఆ ఎత్తుకు సుద్దతో గీత పెట్టింది. కొలత దొరికింది. అమ్మాయి మాత్రం రాస్తూనే ఉంది. మధ్యలో చిక్కుకుంది, కొట్టేసింది, మళ్ళీ అందుకుంది. పలక కదల్లేదు.

జవాబు వచ్చాక తలెత్తి చూస్తే తండ్రి చేతులు వణుకుతున్నాయి.

"అయ్యో నాన్నా, నొప్పిగా ఉందని చెప్పొచ్చుగా!"

"నువ్వు వారం రోజులూ చెప్పావా ఏంటి?" అంటూ ఆయన రంపం అందుకున్నాడు.