చదవని కామా

"కామా, పెద్దక్షరం, దేవుని ఉగ్రత, కామా, ఎన్నటికీ ఆరదు, ఫుల్‌స్టాప్" అని ఆ పొడుగాటి వాక్యం ముగించి ఆర్డిస్ కోల్‌బర్న్ గొంతు సవరించుకుంది. ఎదురుగా కూర్చున్న విన్స్‌లో టేట్ అచ్చుప్రతి మీంచి తల ఎత్తకుండానే దగ్గుబిళ్ళల డబ్బా ఆమెవైపు తోశాడు.

"ఈ పాదిరికి ఊపిరాడేదంటారా? అరపేజీకి గానీ ఫుల్‌స్టాప్ పెట్టడు."

"అప్పట్లో ప్రార్థనామందిరంలో పొయ్యి ఉండేది కాదు కదా మిస్టర్ టేట్. నరకం గురించి చెబితేగానీ జనానికి వెచ్చబడేది కాదు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు కోసమే ఆమె పొద్దుటినుంచి కాచుకుని ఉంది.

ఆ విశ్వవిద్యాలయ ముద్రణాలయం సముద్రం దాటి వచ్చిన తొలి వలసదారుల ప్రసంగాలూ కీర్తనలూ అచ్చువేస్తుంది. ఆర్డిస్ అసలు ప్రతిని చుక్కతో సహా పైకి చదువుతుంది. ఆయన అచ్చులో సరిచూస్తాడు. ఆమెది సన్నటి మెడ, జీరగొంతు, మోచేతుల దగ్గర రఫూ చేసిన బూడిదరంగు స్వెట్టర్. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. మధ్యాహ్నం తన బ్రౌన్‌బ్రెడ్‌లో సగం ఆమెకిస్తాడు. అయినా ఇన్నేళ్లూ మిస్టర్ టేట్, మిస్ కోల్‌బర్న్. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆమె మాట పెదవిదాకా కూడా రాలేదు.

రేపటినుంచి ఆయన ఉండడు. ఉద్యోగం చాలించి మెయిన్ రాష్ట్రంలో ఉన్న చెల్లెలింటికి వెళ్లిపోతున్నాడు. దిద్దే పని కంప్యూటర్‌కి, ఆర్డిస్ కిందనున్న ప్యాకింగ్ గదికి. వెళ్లేలోగా ఒక్కసారి మనసులో మాట ఆయన చెవిన వేయాలని ఆమె ఆరాటం. ఎలాగో తెలియలేదు.

చివరి కట్టలో ప్రసంగాలు లేవు. ఒక పాదిరి సముద్రానికి అవతల ఉండిపోయిన భార్యకు రాసిన ఉత్తరాలున్నాయి. ఇన్నేళ్లూ నరకాగ్నే చదివిన నోటికి మొదటి మాటే తీపిగా తగిలింది.

"ప్రియతమా" అని చదివి, ఆయనవైపు చూసి ఆగింది.

ఆయన అచ్చులో ఆ మాట పక్కనున్న కామా మీద పెన్సిలు ఆనించాడు. "కామా లేదా?"

లేదని చెబితే ఆయన ఆ కామా కొట్టేస్తాడు. తప్పు చదవడం ఆమెకు చేతకాదు.

"ఉంది" అంది.

"మరి మీరు చదవలేదే."

"చదవలేదు."

పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ బయట మంచు పడుతూనే ఉంది.

"తర్వాతి వాక్యం చదవండి, ఆర్డిస్" అన్నాడు చివరికి.

ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఆమె కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకుంటే తెలిసిపోతుందని. ఒక్క కామా కూడా వదలకుండా ఆఖరి ఉత్తరం దాకా చదివింది.

సాయంత్రం ఆయన కోటు వేసుకుని, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "గొంతు జాగ్రత్త" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ప్యాకింగ్ గదిలో గొంతుతో ఏం పనని ఆమె అడగలేకపోయింది.

బల్లమీద దగ్గుబిళ్ళల డబ్బా మూత తెరిచే ఉంది. పొద్దున్నే నింపి తెచ్చినట్టున్నాడు, బిళ్ళలు అంచుదాకా ఉన్నాయి.