ఫరక్ లేని కట్టలు

ముత్తవ్వ తునికాకును రేకు కొలతకు కత్తిరించి, చిటికెడు పొగాకు పరచి, చుట్టి, మూతి మలిచి, దారం బిగించింది. బోధన్‌లోని ఆ వాకిట్లో ముప్పైయెనిమిదేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. ఎత్తూ పొట్టీ కాని మనిషి, చామనచాయ. మూతులు నొక్కీ నొక్కీ బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. వీధిలో ఆమెను పేరుతో పిలిచేవారు అరుదు. అయినా ఆమె చుట్టిన బీడీని కార్ఖానాలో మొన్నటిదాకా ఏనాడూ తీసిపారవేయలేదు. ఒక బీడీకీ మరొక బీడీకీ భేదం కనిపించకపోవడమే ఆ పనిలో ఘనత. ఆమెకంటూ ఉన్నది ఆ ఘనత ఒక్కటే.

ఈ నెలలో చేతులు వణకసాగాయి. రెండు పర్యాయాలు మూతులు విచ్చుకొన్నాయి. మూడోసారీ అట్లే వస్తే ఆమె పని కార్డు కొట్టివేయక తప్పదని, కట్టలు పరీక్షించే చెకర్ శివకుమార్ ముందే చెప్పి ఉన్నాడు.

మధ్యాహ్నం ముత్తవ్వ వెంట కోడలు ధనలక్ష్మి రెండు గంపలూ తానే మోసుకొని కార్ఖానాకు వచ్చింది. శివకుమార్ ముత్తవ్వ గంపలోంచి ఒక కట్ట తీసి, మూతులపై అరచేయి రాసి చూశాడు. మరొకటి తీశాడు.

“చేతులు మంచిగైనయా అవ్వా?”

“నువ్వు బీడీలు సూడు బిడ్డా, చేతులెందుకు?”

“చూసిన. నీ కోడలి కట్టలకు, నీ కట్టలకు ఫరక్ లేదు పో.” కార్డు మీద ముద్ర పడింది.

వరుసలో వెనుకనున్న వసంతమ్మ అందుకొంది. “నేర్పిందే ఆమె. ఫరక్ యాడికెళ్లొస్తది?”

ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. దారి పొడుగునా ఆ నవ్వు చెదరలేదు.

ఇల్లు చేరి బియ్యం డబ్బా జరిపితే వెనుక పాతచీర మూట కనిపించింది. విప్పింది. మూతులు విచ్చుకొన్న కట్టలు, తాను చుట్టినవి. వాటికి బదులు గంపలో చేరినవి, ధనలక్ష్మి వారంరోజులుగా చుట్టి మిగుల్చుకొన్నవి.

“పాసైనయి నాయి గావు గద.”

ధనలక్ష్మి తల ఎత్తలేదు. “ఎవ్వలయైతేంది అత్తా? కార్డు నిలిచింది.”

“ఆ చెకర్ పిలగానికి ఎర్కనే గాలే.”

“ఎట్ల ఎర్కైతది? ఫరక్ రావొద్దని నువ్వే గద నేర్పినవ్.”

ముత్తవ్వ మర్నాటి పనికి ఆకు మీద నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి, గోడకు జారగిలబడింది.

పొద్దు వాలుతుండగా ధనలక్ష్మి చాయ్ తెచ్చి పిలిచింది. రెండోమారు భుజం తట్టి పిలిచింది. గోడకు ఆనిన తల కదలలేదు. వణుకు మాత్రం చేతులను విడిచిపోయింది.

తడిగుడ్డలో ఆకు మెత్తబడి, కత్తెరకు సిద్ధంగా ఉంది.