రెండో వైపు చివర

ఆ రికార్డు మళ్ళీ వస్తోందని తెలిసినప్పుడు అందరికంటే సంబరపడింది మా ఆయన. విజయనగరంలో ఆయన ఫ్యాన్ల కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ అదే కథ. "మా ఆవిడ సినిమా పాటలు కాదురా, సొంత పాటలు పాడినాది. పాతికేళ్ళైనాదని హైదరాబాదోళ్ళు మళ్ళీ పెద్ద ప్లేటు ఏస్తన్నారు!"

కాలేజీలో ఉండగా ముగ్గురం విశాఖ వెళ్ళి చేసిన రికార్డది. పాడింది నేను, తబలా నరసింగరావు, గిటారు ధనరాజు. కొన్నవాళ్ళంతా మా చుట్టాలే. ఆ ఏడే నాకు పెళ్ళయింది, పాట అటకెక్కింది.

మొన్న ఆ హైదరాబాదు రికార్డుల కంపెనీ నడిపే పృథ్వీరాజ్ ఫోన్ చేశాడు.

"మేడం, అసలు టేపు దొరికింది. అప్పుడు కోసేసిన ముక్క, మీరు నవ్వేది, రెండో వైపు చివర కలిపాం. వినేవాళ్ళకి భలే నచ్చుతుంది."

ఆ ముక్కలో ఏముందో నాకు తెలుసు.

"తీసెయ్ బాబూ."

"రికార్డులన్నీ తయారైపోయాయి మేడం. మీ కాపీ కొరియర్‌లో బయల్దేరింది."

మా అత్తగారు దేముడమ్మ ఇంట్లో ఆడది మొగుడి పేరెత్తకూడదు. ఎత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతుందట. కొత్త కోడలిగా గడప దగ్గర పేరు చెప్పించినప్పుడు గొణిగాను, అంతే. ఆ తర్వాత అన్నిటికీ "ఏవండీ". బ్యాంకులో అడిగితే మా అమ్మాయి చెప్పేది. కాడికి అలవాటుపడిన ఎద్దులా నాకూ అలవాటైపోయింది.

పార్శిల్ దాచేద్దామనుకున్నాను. ఆయనే అందుకున్నారు. ఆదివారం సాయంత్రం, ఎక్కడో సంపాదించి బాగుచేసిన ప్లేయరు హాల్లో పెట్టి, అత్తగారినీ నన్నూ కూర్చోబెట్టారు. మొదటి వైపు అయ్యేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇక చాలు, టీ పెడతాను," అన్నాను.

"కూకో. రెండో పక్కుంది."

పాటలు అయిపోయాయి. కాస్త గరగర. ఆ తర్వాత పగలబడి నవ్వుతున్న నా కన్నెపిల్ల గొంతు.

"ధనరాజూ! మళ్ళీ తప్పావు ధనరాజూ! నన్ను కాదు, గిటారు చూడు ధనరాజూ!"

మా మధ్య ఏమీ జరగలేదు. జరిగితే బాగుండునని నేను అనుకున్నాను. చెవులున్నవాడికి అది ఆ నవ్వులోనే వినిపిస్తుంది.

"ఓలమ్మ, ఎవుడే ఆడు?" అంది అత్తగారు.

"గిటారోడమ్మా," అన్నారు ఆయన. ముల్లు వెనక్కి జరిపి మళ్ళీ విన్నారు. మళ్ళీ. తిడితే బాగుండును, మాటకి మాట అప్పజెప్పేదాన్ని.

"ఎంత బాగా పిలిసినావే," అన్నారు మెల్లిగా. "ఓపాలి నా పేరెట్టి అలగ పిలు."

"వద్దు నాయనా, ఆయుస్సు తగ్గిపోతాది!" అత్తగారు లేవబోయింది.

"తగ్గితే తగ్గనీయే అమ్మా. పిలు, అనూరాధా."

నోరు తెరిచాను. పిలవాలనే ఉంది, ఒట్టు. ఇంత మంచి మనిషికి ఇవ్వాల్సింది అదొక్కటే కదా! పేరు గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఏవండీ," అన్నాను.

ఆయన తలూపి, ముల్లు మళ్ళీ ఆ నవ్వు మీద పెట్టారు.

ఇప్పుడు రోజూ కొట్టు కట్టేసి వచ్చాక ఆ ముక్క ఒక్కటే వింటారు. నేను వంటింట్లో అన్నం వారుస్తూ పెదాలు కదిపి చూసుకుంటాను. ఇంత రాశానా, ఆయన పేరు ఇక్కడ కూడా రాయలేకపోయాను.