హసింతో చెక్కని వైపు

ఆ ఉదయం సాన్ రోకె ఊరంతా దేవుణ్ణి ఒకే కోరిక కోరింది. తమ రాళ్ళు నకిలీవని తేలాలి.

లోకంలో ఎక్కడైనా పనివాళ్ళు తమ సరుకు అసలైనదని ఒట్లు పెడతారు. ఇకా పట్నం పక్క ఎడారి అంచున ఉన్న ఈ ఊరివాళ్ళూ ఇన్నాళ్ళు టూరిస్టుల ముందు అలాంటి ఒట్లే పెట్టారు. నున్నటి నల్లరాయి ఏరుకొచ్చి, రంపపు బ్లేడు ముక్కతో దాని మీద గుండ్రటి టోపీ పెట్టుకున్న మనిషిని గీయడం, గాడిద లద్దెలో కాల్చడం, బూట్ పాలిష్ పట్టించి మట్టి రుద్దడం, ఆపైన "నక్షత్రాల నుంచి దిగినవాళ్ళు వేల ఏళ్ళ కిందట చెక్కిందండీ" అని గుండె మీద చెయ్యి వేసుకుని అమ్మడం. ఇప్పుడు ఆ ఒట్లన్నీ జడ్జిగారి ముందు కక్కాల్సి వచ్చింది.

పాతకాలపు వస్తువులు దేశానివి. అమ్మినవాడికి జైలు. ఊళ్ళో అందరికంటే చెయ్యి తిరిగినవాడు హసింతో కాబట్టి పోలీసులకు అతడే దొరికాడు. రాళ్ళు పాతవని తేలితే ఏళ్ళ తరబడి లోపలే. కొత్తవని తేలితే ఈ మధ్యాహ్నం ఇంట్లో పల్లారు చిక్కుళ్ళ కూర తింటాడు. అతని భార్య నికనోరా ఆ కూర పొయ్యి మీద పెట్టే వచ్చింది. మొండి నమ్మకం ఆవిడది.

విచారణ బడి వాకిట్లో, తుంగచాపల పందిరి కింద. పొడుగాటి బల్ల మీద పోలీసులు పట్టుకున్న రాళ్ళు వరసగా పేర్చారు. జడ్జి లావుపాటి మనిషి, టోపీతో విసురుకుంటూ కూర్చున్నాడు. ఆయనకు ఒక పక్క డాక్టర్ ఒబ్దూలియో, ఇకాలో పళ్ళు పీకే డాక్టరు, ఇంటినిండా ఇలాంటి రాళ్ళు పోగేసినవాడు. మరో పక్క పురావస్తు శాఖ నుంచి వచ్చిన ఎర్నెస్తీనా, ఎండకు కమిలిన ముఖం, బక్కపలచని మనిషి. ఈ ఇద్దరూ ఏళ్ళుగా పత్రికల్లో తిట్టుకుంటూనే ఉన్నారు. వాళ్ళకది పిల్లి చెలగాటం. ఎలుక మాత్రం ఇద్దరు పోలీసుల మధ్య చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

డాక్టరు లేచాడు. "జడ్జిగారూ, హసింతో దొంగ కాదండీ, మహానుభావుడు! మనిషి జాతి చరిత్రనే మార్చే రాళ్ళు వెలికితీశాడు. జైల్లో కాదు, విగ్రహం పెట్టాలి ఇతనికి!"

"బాబ్బాబు, తమరు సాయం చెయ్యమాకండి," అంది నికనోరా. "కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడేట్టుంది."

జనం నవ్వారు. డాక్టరు వినిపించుకోలేదు. ఒక రాయి ఎత్తి చూపించాడు. "చూడండి, వీపు మీద ప్రాణవాయువు డబ్బా. దాన్నుంచి గొట్టం. బడి ముఖం చూడని రైతు ఇది ఊహించి గీయగలడా?"

పక్కింటి పెత్రోనిలా వెనక నుంచి అరిచింది. "అయ్యో రాత! అది పత్తికి పురుగుమందు కొట్టే డబ్బా అండీ! మా ఆయన్ని నిలబెట్టి మరీ గీశాడు. ఆ పొట్ట చూడండి, మా ఆయనదే!"

ఈసారి పోలీసులు కూడా నవ్వారు. ఎర్నెస్తీనా మాత్రం నవ్వలేదు. "డాక్టర్‌గారూ, నక్షత్రాలు దాటొచ్చినవాడికి మన పత్తికి మందు కొట్టే పనేమిటండీ?"

జడ్జి చెయ్యెత్తి అందరినీ ఆపి, హసింతోను పిలిచాడు. "నా ముందు చెక్కు."

హసింతో నేల మీద కూర్చున్నాడు. బ్లేడు ముక్క రాయి మీద కీచుమంటూ నడిచింది. కాసేపట్లో టోపీ, గొట్టం, పొట్ట అన్నీ వచ్చేశాయి. బల్ల మీది రాళ్ళకు తోబుట్టువులా ఉంది. నికనోరాకు ఊపిరి కాస్త ఆడింది.

"నకలు!" అన్నాడు డాక్టరు ప్రశాంతంగా. "నకలు చెయ్యాలంటే అసలుండాలి కదండీ? ఇతను కొన్ని తవ్వాడు, చూసి కొన్ని చేశాడు. ఇదిగో అసలు."

సంచిలోంచి గుడ్డలో చుట్టిన రాయి తీసి బల్ల మీద పెట్టాడు. అరచేతిలో పట్టేంత రాయి. నికనోరా మడమలెత్తి చూసింది.

ఆ రాయిని ఆమె ఎరుగును. క్రితం ఏడు గుడ్‌ఫ్రైడే నాడు తనూ మొగుడూ తెచ్చారు దాన్ని. ఆ రోజు పూర్వుల సమాధులు తమంతట తామే పైకి తేలతాయని ఇక్కడ నమ్మకం. ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి, పారలతో, పిల్లాజెల్లాతో ఇసుకలోకి వెళతారు. ముందు నమిలే కోకా ఆకు, ఒక సిగరెట్టు, గుక్కెడు పిస్కో సారా పూర్వులకు పెట్టి, తర్వాతే పార వేస్తారు. అది దొంగతనమని అక్కడ ఎవరికీ అనిపించదు, పండగ అంటే అంతే. ఆ రోజు దొరికిన రాయి ఇది. దాని మీద పక్షి, ముక్కు తెరుచుకుని, రెక్క ఒకటే చాచి. వద్దన్నా హసింతో వినలేదు. "పిట్టని ఎవడు కొంటాడే? టోపీవోడైతే ఎగబడి కొంటారు," అని వెనక వైపు తన టోపీ మనిషిని చెక్కి డాక్టరుకు అంటగట్టాడు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

"అమ్మా, చూసి చెప్పండి," అంటూ జడ్జి ఆ రాయిని ఎర్నెస్తీనాకు అందించాడు.

ఆమె టోపీ మనిషిని చూసి పెదవి విరిచింది. రాయి తిప్పింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

భూతద్దం తీసింది. పక్షి గీతలోకి గోరు పోనిచ్చి, ఆ గోటిని చూసుకుంది. గీతల్లో ఉప్పు గట్టిపడి తెల్లగా కూర్చుంది, అది ఏ పాలిష్‌తోనూ రాదు. ఆమె తలెత్తి హసింతోను చూసింది. అతని ముఖం బూడిదలా ఉంది. అక్కణ్ణుంచి ఆమె చూపు నికనోరా మీదికి వచ్చి నిలిచింది. నికనోరాకు తలదించుకోవాలనిపించింది. దించుకుంటే ఒప్పుకున్నట్టేనని అలాగే కళ్ళప్పగించి నిలబడింది.

"చెప్పండి మేడమ్!" డాక్టరు బల్ల మీదికి వంగాడు. "పాతది కాదని మీ నోటితో అనండి చూద్దాం!"

పాతదే అని ఆమె ఒక్క మాట అంటే హసింతో జైలుకు పోతాడు. అంతటితో పోదు. రేపు పత్రికలన్నీ ప్రభుత్వమే ఒప్పుకుందంటాయి, పక్షి నిజమైతే వెనకనున్న టోపీవాడూ నిజమే అయిపోతాడు. ఆ సంగతి నికనోరాకు కూడా అర్థమైంది, అందుకే ఇంకా ఆశ చావలేదు.

"రెండు వైపులా..." అని ఆగి, ఎర్నెస్తీనా రాయిని బల్ల మీద పెట్టింది. "రెండు వైపులా ఒకే చెయ్యి. కొత్తది."

జడ్జి టోపీతో విసురుకోవడం ఆపాడు. పదిమంది అబద్ధాలు వినడమే ఆయన ఉద్యోగం. ఆమెను కాసేపు చూసి, హసింతో వైపు తిరిగాడు. "అయితే ఇది నీ చేతిపనే."

"నాదేనండీ."

"ఇంకోటి చేసుకోగలవు."

"చేసుకోగలనండీ."

"అయితే పగలగొట్టు. దేశం సొత్తయితే పోలీసులే నీ చెయ్యి పట్టుకుంటారు. నీ సొత్తయితే నీకేం బాధ?"

డాక్టరు కేక పెట్టాడు. "వద్దు! అయ్యా, కాళ్ళు పట్టుకుంటాను! అది నిజంగా పాతదండీ, పాతది!" ఇన్నేళ్ళలో ఆయన అన్న ఒకే ఒక్క నిజం అది, ఒక్కరూ నమ్మలేదు. జనంలో ఎవడో ఈల కూడా వేశాడు.

రాయిని నేల మీద పెట్టారు. సుత్తి హసింతో చేతికిచ్చారు. అతడు ఎత్తాడు. ఎత్తిన చెయ్యి పైనే ఉండిపోయింది. నికనోరాకు తెలుసు, వాడి భయం జైలంటే కాదు. పూర్వుల సొమ్ము పాడుచేస్తే వాళ్ళు పగబట్టి వస్తారని వాడి తల్లి ఉగ్గుపాలతో నూరిపోసింది. జడ్జి ఆ ఆగిన చేతినే చూస్తున్నాడు. ఎర్నెస్తీనా ఎటో గోడ వైపు చూస్తోంది.

నికనోరా ముందుకొచ్చి సుత్తి లాక్కుంది. "ఏందయ్యా, అంత ప్రేమగా చూస్తన్నావు? నన్నెప్పుడన్నా అట్టా చూశావా? జైలు కూడు తిని చేతుల్లో సత్తువ పోయిందండీ జడ్జిగారూ, నేను కొడతాను."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులోనే ఆమె వంగి, రాయిని తిప్పి, పక్షిని నేలకేసి పెట్టింది. దాని ముఖం చూస్తూ కొట్టడం ఆమెవల్ల కాదు. మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకు మూడు ముక్కలైంది.

"సరే," అన్నాడు జడ్జి లేస్తూ. "బొమ్మలమ్ముకునేవాణ్ణి జైల్లో పెట్టి నేనేం చేసుకోను? వదిలేయండి."

ఊరు పండగ చేసుకుంది. పెత్రోనిలా మొగుడు హసింతోను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. పోలీసులు మిగిలిన రాళ్ళు ఎవరివి వాళ్ళకు పంచేశారు. హసింతో ఆ భుజాల మీద నుంచే పెళ్ళాన్ని చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత లేదు, భయమే ఉంది, కొత్తమనిషిని చూసినట్టు. ఆమెకు ఏడుపొచ్చింది. వాడి కోసమే కదా కొట్టింది!

వాకిట్లో డాక్టరు మోకాళ్ళ మీద కూలబడి ముక్కలు ఏరుతున్నాడు. ఎదురుగా ఎర్నెస్తీనా కూడా మోకాళ్ళ మీదే ఉంది. ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరు చూడని ఆ ఇద్దరి తలలూ ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా ఉన్నాయి.

"మీకు తెలుసు," అన్నాడు డాక్టరు ఏడుస్తూ.

"నకిలీదండీ," అంది ఆమె. అంటూనే ఒక్కొక్క ముక్కనూ జేబురుమాలు మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెడుతోంది. డాక్టరు తన చేతిలోవి కూడా అక్కడే పెట్టి, లేచి, మోకాళ్ళ దుమ్మైనా దులుపుకోకుండా వెళ్ళిపోయాడు.

నికనోరా ఆమె పక్కన కూర్చుంది. చుట్టూ ఎవరూ వినడం లేదని చూసుకుంది. ఇప్పుడు నోరు విప్పితే గెలిచిన కేసు మళ్ళీ ఓడినట్టే. అయినా ఆగలేకపోయింది.

"సమాధిలోదమ్మా. గుడ్డల్లో చుట్టిన పసిబిడ్డ, చిన్న మూట. నడక కూడా వచ్చుండదు ఆ బిడ్డకి. బిడ్డని కదిలించలేదు, మళ్ళీ ఇసక కప్పి వచ్చాం. రాయొక్కటే తెచ్చాం."

ఎర్నెస్తీనా కోప్పడలేదు. పోలీసుల వైపు కూడా చూడలేదు. పక్షి ముక్కు ఉన్న ముక్కను వేలితో సరిచేస్తూ అడిగింది. "ఎక్కడుంది ఇది? బిడ్డకి ఏ పక్కన?"

"చెంప పక్కన."

"పక్షి ఎటు తిరిగుంది?"

"బిడ్డ వైపమ్మా," అంది నికనోరా. "కళ్ళు తెరిస్తే కనపడేట్టు పెట్టారు."