శంకరవ్వ చేతి బ్యాంజో

కోరుట్ల పద్మశాలి వాడలో సంగీతమంటే రాజం, రాజమంటే సంగీతం. ఈ మాట వాడ అన్నదో లేదో గానీ రాజం మాత్రం రోజూ అనుకునేవాడు. పగలు సంఘం షెడ్డులో మగ్గం నేసి, పొద్దుగూకితే భజన మండలిలో హార్మోనియం ముందు కూర్చునేవాడు. పెళ్లయినా పూజయినా అతన్ని పిలవాల్సిందే. పిలవలేదో, ఆ ఇంటివాళ్లతో మాటలు బంద్. అట్లాంటి మనిషికి కట్టుకున్న పెళ్లాన్ని చూసి కన్ను కుడుతుందని ఎవరైనా అనుకుంటారా?

అంతా ఆ అమెరికా పిల్లవాడి వల్ల వచ్చింది. కోళ్ల పెంపకం నేర్పడానికి సర్కారు పిలిస్తే వచ్చాడు. పేరు రస్సెల్. వాడకట్టు నోట్లో పడి వారం తిరక్కుండానే రసూల్ అయ్యాడు. రాజం ఇంటి ముందటి అర్రలో కిరాయికి దిగాడు. పగలంతా సైకిలు మీద ఊళ్లు తిరిగి కోడిపిల్లలకు సూదులు వేసేవాడు, సాయంత్రం పొడుగు పెట్టె తెరిచి బ్యాంజో తీసేవాడు. కవ్వాలీల దగ్గర మీటలు నొక్కి వాయించే బ్యాంజో కాదది. గుండ్రటి తోలుకు పొడుగు మెడ తగిలించి ఐదు తీగలు కట్టారు. అందులో ఒకటి పొట్టిది, మెడ నడుమనే ఆగిపోతుంది. కుడిచేతి మూడు వేళ్లకు రేకు గోళ్లు తొడుక్కుని మీటితే పేలాలు వేగినట్టు చిటపటా మోగేది. వాళ్ల కొండల్లో ఈ వాయింపును బ్లూగ్రాస్ అంటారట, అంటే నీలిగడ్డి. సంగీతానికి గడ్డి పేరేమిటని వాడంతా పడీ పడీ నవ్వింది. రాజం నవ్వలేదు. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

మర్నాడే రసూల్‌కు శిష్యుడైపోయాడు. అంతటితో ఊరుకుంటే రాజమెందుకవుతాడు! భజన మండలి పెద్ద బాలమల్లు దగ్గరికి పోయి, తొలి ఏకాదశి భజనకు హార్మోనియం పక్కన పెట్టి అమెరికా వాద్యం వాయిస్తానని చెప్పి వచ్చాడు. బాలమల్లు కడుపులో మాట ఆగేది కాదు. మెట్‌పల్లి దాకా పొక్కింది. ఇక రాజం పేరంతా ఆ తోలుగిన్నె మీద ఆధారపడింది.

నేర్చుకోవడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు, చెయ్యి మాట వినడం లేదని. ఎడమచేతితో చిక్కు లేదు, స్వరాలు తెలిసినవాడే. కుడిచేతితోనే వచ్చింది తంటా. ఆ వాయింపులో మూడు వేళ్లూ ఒకదాని వెనక ఒకటి తిరుగుతూనే ఉండాలి. పాట మధ్యమధ్య మెరుస్తుంది, మళ్లీ మునుగుతుంది, వేళ్లు మాత్రం నిలవకూడదు. రాజం చెయ్యి ప్రతి తప్పుకూ నిలిచిపోయేది. నిలవక ఏం చేస్తుంది! పోగు తెగిందా, చెయ్యి ఆపాలి. మగ్గం నేర్పిన మొదటి బుద్ధి అదే. చిన్నప్పుడు తెగిన పోగు చూడకుండా నేసినందుకు బాపు వీపు విమానం మోత మోగించాడు. ఆ చెయ్యి ఇప్పుడు తప్పు పడ్డాక ముందుకు పొమ్మంటే పోతుందా?

"రాజమన్నా, తప్పు వోతే పోనీ. చెయ్యి మాత్రం ఆపకు," అనేవాడు రస్సెల్, వచ్చిన తెలుగులో. రాజం తలూపేవాడు. మళ్లీ అక్కడే ఆగేవాడు.

అరుగు మీద అతని భార్య శంకరవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఇదంతా వినేది. వాడలో ఆడవాళ్లందరి పనీ అదే. ఆకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టడం, మూతి మడవడానికి వేలికి రేకు తొడుక్కోవడం. మాట్లాడినా, కొట్లాడినా, పక్కింటి పిల్ల ఏడ్చినా ఆమె వేళ్లు తమ పని తాము చేసుకుపోయేవి. ఒక బీడీ చెడిపోతే పక్కకు పడేసి ఇంకోటి అందుకునేది.

ఒకనాడు షెడ్డులో నూలు అయిపోయి రాజం మధ్యాహ్నమే ఇంటిముఖం పట్టాడు. సందు మలుపులోనే బ్యాంజో వినిపించింది. తాను ఎప్పుడూ చిక్కుకునే పాటే. చిక్కు దగ్గరికి వచ్చింది, ఆగలేదు, గలగలా దాటిపోయింది. రసూల్ ఈ రోజు ఊళ్లకు పోలేదు కాబోలు అనుకున్నాడు. గడప దగ్గరికి వస్తే రసూల్ కోళ్ల బుట్ట అల్లుకుంటున్నాడు. బ్యాంజో శంకరవ్వ ఒళ్లో ఉంది.

రాజం ఒళ్లంతా కారం పూసినట్టయింది. ఎన్నాళ్లుగా సాగుతోందని అడిగాడు. ఎండాకాలం నుంచి, బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి వచ్చాక కాసేపు, అని ఆమె దాచకుండా చెప్పింది. ఒకసారి ముట్టుకుని చూస్తానంటే తమ్ముడు రసూల్ ఇచ్చాడట. వేళ్లకు అలవాటైన పనిలాగే అనిపించిందట. పనిలాగే అనిపించిందట! రాజం నెలల తరబడి చెమటలు కక్కుతున్నది ఈమెకు బీడీలు చుట్టినట్టు ఉందట.

పోనీ, ఆ పిల్లవాడి మీద అనుమానమైనా బాగుండు. ఒక్క మాట చెబితే వాడకట్టంతా కర్రలు పట్టుకుని వచ్చేది, మర్నాటికి అర్ర ఖాళీ అయ్యేది. కానీ రాజానికి అనుమానం లేదు. ఆమెను అక్క కంటే ఎక్కువ చూస్తాడు ఆ పిల్లవాడు. ఉన్నది పచ్చి ఈర్ష్య. తనకు రానిది ఆమెకు వచ్చింది, అంతే. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి? అందుకే పప్పులో ఉప్పు ఎక్కువైందన్నాడు, రొట్టె మాడిందన్నాడు, పొగాకు ఘాటుకు గొంతు పోతోందని ఆమె చాటను పెరట్లోకి మార్చమన్నాడు. శంకరవ్వ చాట తీసుకుని పెరట్లోకి పోయింది. బ్యాంజో మళ్లీ ముట్టలేదు. ఆ ముట్టకపోవడం కూడా రాజానికి గొప్పలు పోవడంలాగే కనిపించింది.

వానలు పడుతుండగా రస్సెల్ గడువు తీరింది. పోయేముందు బ్యాంజో ఇక్కడే వదిలిపోతానన్నాడు. చెయ్యి చాచడానికి రాజం సిద్ధంగా ఉన్నాడు. ఆ పిల్లవాడు మాత్రం పెరటి దర్వాజ వైపు తిరిగాడు.

"వదినె, గిది నీకిచ్చిపోత."

శంకరవ్వ మొగుడి ముఖం చూసింది. ఆ ముఖంలో ఏం కనిపించిందో ఏమో, "ఆయనకియ్యి తమ్మీ," అంది.

బ్యాంజో చేతికి వచ్చింది, రాజం నెత్తిన పిడుగు పడ్డట్టే వచ్చింది. పెళ్లాం వద్దనుకుని దానం చేస్తే దక్కిన వాద్యం! దక్కకపోయినా ఇంత మండేది కాదు.

తొలి ఏకాదశి నాడు వేలికి గుడ్డ చుట్టుకుని భజనకు పోయాడు. మగ్గం కండెలు తీస్తుంటే తెగిందని బాలమల్లుతో చెప్పి హార్మోనియంతోనే కానిచ్చాడు. అయ్యో పాపం, వచ్చే పండుగకు విందాం లెమ్మని బాలమల్లు జాలిపడ్డాడు. ఆ జాలి సూదిలా దిగింది. ఆనాటి నుంచి తలుపు గడియ పెట్టుకుని రోజూ వాయించాడు. అదే పాట, అదే చోట ఆగడం. పెరట్లో ఆమె వింటోందని తెలుసు. ఒక్కనాడైనా నవ్వితే కొట్టి ఉండేవాడు, ఆమె నవ్వలేదు.

ఆగుతూ ఆగుతూ ఉండగా రాజానికి వేరే బాధ మొదలైంది. పాట చిక్కు దాటాక ఎట్లా పోతుందో అతను మరిచిపోతున్నాడు. ఆనాడు సందు మలుపులో విన్నాడు, గలగలా పోయింది, కానీ ఎట్లా పోయింది? మగ్గం మీద కూర్చుంటే అదే యావ. అన్నం ముందు కూర్చుంటే అదే యావ. ఎంత కుళ్లుబోతైనా రాజం చెవులు మాత్రం నిజమైన చెవులు. అవి ఆ పాట కోసం మొండిగా ఏడ్చాయి.

ముసురు విడిచిన ఒక సాయంత్రం బ్యాంజో పట్టుకుని పెరట్లోకి పోయాడు. దాన్ని ఆమె చాట పక్కన పెట్టాడు. "ఒక్కసారి వాయించవే. వినాలె," అన్నాడు నేల చూస్తూ.

శంకరవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది. "వాయిస్త. గీ పెరట్ల గాదు, తలుపేసుకొని గాదు. అరుగు మీద కూసొని వాయిస్త."

అరుగంటే వీధి. వీధంటే వాడంతా. రాజం వద్దనడానికి నోరు తెరిచాడు, వద్దంటే పాట ఉండదు. "సరే," అన్నాడు.

ఆమె అరుగు మీద కూర్చుని మొదలుపెట్టింది. చాన్నాళ్లకు ముట్టింది కాబట్టి మొదట తప్పులు పడ్డాయి. తప్పుల మీదుగానే పోయింది. రాజం గడపలో కూర్చున్నాడు. చిక్కు దాటాక పాట కిందికి దిగి, పొట్టి తీగను పట్టుకుని మళ్లీ పైకి లేస్తుంది. ఇదా! ఇట్లానా పోయేది! అతని కళ్లు మండాయి, ఏడుపో ఓర్వలేనితనమో అతనికే తెలియలేదు. చాటలు పట్టుకుని ఆడవాళ్లు వచ్చారు, పిల్లలొచ్చారు, భజనకు బయల్దేరిన బాలమల్లు కూడా గొడుగు మడిచి నిలబడ్డాడు. కాసేపు విని రాజం భుజం తట్టాడు.

"ఎంత గుట్టుగ ఉంచినవురా! ఆడమనిషికే గింత నేర్పినవంటే, నీ చెయ్యి ఇంకెట్లుంటదో!"

ఊఁ అంటే చాలు. ఆ ఊఁ నాలుక చివర దాకా వచ్చింది కూడా. శంకరవ్వ వినే ఉంటుంది, అయినా తల ఎత్తలేదు, వేళ్లూ ఆపలేదు. కాదని ఆమె అనదు. ఆనాడు బ్యాంజో ఇచ్చేసినట్టే ఇదీ ఇచ్చేస్తుంది. ఈసారి కూడా దానం పుచ్చుకోవడం రాజం వల్ల కాలేదు.

"నేను నేర్పలె," అన్నాడు. మళ్లీ గట్టిగా అన్నాడు, వాడంతా వినేట్టు. "నాకు రాదు. ఏకాదశినాడు వేలు తెగలె, అబద్ధం జెప్పిన. ఆమెకొచ్చు, నాకు రాదు."

బాలమల్లు గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆ మాట అనేస్తే మంట చల్లారుతుందేమో అనుకున్నాడు రాజం. చల్లారలేదు సరిగదా, ఇంకా ఎక్కువైంది. అయినా లేచి లోపలికి పోలేదు, పాట అయిపోయేదాకా ఆ గడపలోనే కూర్చుని విన్నాడు.